రోజూ అరగంటా, ఆదివారం పూటా: ఏది మేలు?

బడిలో టీచరు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, బీపీ ఉన్న అత్తమ్మ. ఈ ఇంట్లో బొమ్మలు గీయడానికి టైం ఎక్కడ దొరుకుతుంది? రెండు పద్ధతులూ చేసి చూశాను.

మొదట ఆదివారాలు పెట్టుకున్నాను. పొద్దున్నే డ్రాయింగ్ ప్యాడ్ సంచిలో వేసుకుని నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు వెళ్లేదాన్ని. కందూరు చోడ రాజుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుళ్లు ఉన్నాయి. ఒకదాంట్లో లింగం మీదుగా స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలబడుతుంది. లోపలికి ఎండ నేరుగా రాదు. చెదిరి వచ్చే వెలుగుకు స్తంభాలు అడ్డుపడతాయి కాబట్టి సూర్యుడు జరిగినా నీడ జరగదు. దాన్ని గీయడం చాలా కష్టం. నడుమ చిక్కగా ఉంటుంది, అంచుకు వచ్చేసరికి ఎక్కడ ఆగిందో తెలియదు. నల్లగా పడే 4బి పెన్సిల్‌తో మొదలుపెట్టి, అంచున లేతగా పడే హెచ్‌బి పట్టుకుని, వేలితో మెల్లగా రుద్దుకుంటూ పోవాలి. చెయ్యి కుదురుకోవడానికే గంట పడుతుంది. ఆ పని అరగంటలో అయ్యేది కాదు.

కానీ ఆదివారం నా ఒక్కదానిదే కాదు. వారం బట్టలు, పిల్లల హోంవర్క్, చుట్టాల పెళ్లిళ్లు అన్నీ ఆ రోజే. ముహూర్తాలు మొదలైతే నెలంతా పెన్సిల్ పట్టేదాన్ని కాదు. ఒకసారి గుడిలో ఉండగా చిన్నోడికి జ్వరం వచ్చింది. ఫోన్ సంచిలో సైలెంట్‌లో ఉంది, తీసి చూస్తే ఆరు మిస్డ్ కాల్స్. ఇంటికి వచ్చాక మా ఆయన ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

ఆ తర్వాత పొద్దున ఐదున్నర నుంచి ఆరు దాకా అని పెట్టుకున్నాను. ఎదురుగా ఏది ఉంటే అదే గీస్తాను. ఒక బత్తాయిని వారం రోజులు గీశాను, తొక్క మీది సన్న గుంటలతో సహా. పెద్ద బొమ్మ పూర్తి కాదు, నిజమే. కానీ చెయ్యి మొద్దుబారదు, ఇంట్లో ఎవరికీ ఏదీ తక్కువ కాదు. పిల్లలు పెద్దయ్యాక గీసుకోవచ్చు కదా అంటారు కొందరు. ఆ మాట నేను ఒప్పుకోను. అన్నేళ్లు వదిలేస్తే చెయ్యి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

చిన్న పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంటికి రోజూ అరగంటే మేలు. క్రికెట్ టీమ్‌లోనో, భజన బృందంలోనో ఉన్నవాళ్లకు ఇది కుదరదు. పదకొండో మనిషి రాకపోతే మిగతా పదిమందికీ ఇబ్బంది. వాళ్లు తప్పకుండా రాగలిగిన ఆదివారాలకే మాట ఇవ్వాలి.

నేను అరగంటను వదలకుండా, నెలకో ఆదివారం కూడా కలుపుకున్నాను. తేదీ ముందే ఇంట్లో చెప్తాను, ఆ పూట వంట మా ఆయనది. ఫోన్ ఒళ్లోనే పెట్టుకుంటాను. ఈ నెల మూడో ఆదివారానికి క్యాలెండర్‌లో సున్నా చుట్టాను. నీడ కింది భాగం ఇంకా మిగిలే ఉంది.