సిలికో మాంగనీస్ 65/16: గ్రేడ్ బాగుంది, పొడితోనే పేచీ

కొత్త సప్లయర్ దగ్గర సిలికో మాంగనీస్ (కరిగిన స్టీల్లో మాంగనీస్, సిలికాన్ పెంచడానికి వేసే మిశ్రమ లోహం) తీసుకోవడం మొదలుపెట్టాక ట్యాపింగ్ టైంలో, అంటే ఫర్నేస్‌లోంచి స్టీలు వంచేటప్పుడు, నా టెన్షన్ సగం తగ్గింది. మిగతా సగం ఇంకా జంబో బ్యాగుల అడుగునే ఉంది.

సర్టిఫికెట్‌లో మాంగనీస్ 65, సిలికాన్ 16 శాతం అని ఉంది. మా ల్యాబ్‌లోనూ దాదాపు అంతే వచ్చింది. బిల్లెట్ (కడ్డీలకు పోతపోసే దిమ్మె) స్టీలు చేసేవాళ్లకు ఇది చాలు. 25 టన్నుల హీట్‌లో (ఒక విడతలో చేసే స్టీలు) మాంగనీస్ 0.50 శాతం పెరగాలంటే స్టీల్లోకి 125 కిలోలు చేరాలి. రికవరీ, అంటే వేసిన మాంగనీస్‌లో స్టీల్లోకి చేరేది, 90 శాతం అనుకుంటే ఈ సరుకు సుమారు 214 కిలోలు పడుతుంది. దాంతోపాటు 34 కిలోల సిలికాన్ కూడా లాడిల్లో (కరిగిన స్టీలు పట్టే పెద్ద పాత్ర) పడుతుంది కాబట్టి సిలికాన్ కోసం వేసే ఫెర్రో సిలికాన్ ఆ మేరకు మిగులుతుంది. ఇదే పనికి హై కార్బన్ ఫెర్రో మాంగనీస్ వేస్తే కార్బన్ 0.05 శాతం దాకా ఎక్కుతుంది, దీంతో 0.02 దాటదు. ఇంకో సుఖం ఏమిటంటే, మాంగనీస్, సిలికాన్ కలిసి ఆక్సిజన్‌ని పట్టుకుంటే వచ్చే సిలికేట్ ద్రవంగానే ఉండి స్టీలు పైన తేలే మడ్డి, అంటే స్లాగ్‌లోకి తేలిపోతుంది. ఒక్క సిలికానే వేస్తే గట్టి సిలికా రేణువులు స్టీల్లో ఇరుక్కునే భయం ఎక్కువ.

ఇక పేచీ. మేం అడిగింది 10 నుంచి 50 మిల్లీమీటర్ల ముక్క. బ్యాగ్ పైన చూస్తే బ్రహ్మాండం, అడుగున రవ్వ, దుమ్ము. ఇది పెళుసు సరుకు, లారీలో కొంత నలుగుతుందని నాకూ తెలుసు. కానీ జల్లెడ పట్టి పంపితే ఇంత పొడి రాదు. ఆ పొడి స్టీల్లోకి దిగదు, స్లాగ్ మీదే అంటుకుని కాలిపోతుంది. స్పెక్ట్రోలో (స్టీల్లో ఏది ఎంతుందో చూపే మిషన్) మాంగనీస్ తక్కువ చూపిస్తే మళ్లీ వేయాలి, ఈలోగా లాడిల్ టెంపరేచర్ పడిపోతుంది.

సర్టిఫికెట్‌లో స్టీలుని పెళుసు చేసే ఫాస్ఫరస్ దగ్గర "లిమిట్‌లో ఉంది" అని రాసి వదిలేశారు. అంకె కావాలండీ! ఖనిజంలో ఉన్న ఫాస్ఫరస్ దాదాపు అంతా ఈ సరుకు తయారుచేసే ఆర్క్ ఫర్నేస్‌లో మెటల్లోకే వస్తుంది, లాడిల్లో వేశాక మనం తీసేది ఉండదు. ఫెర్రో మాంగనీస్ స్లాగ్ ఎక్కువగా వాడి చేసిన సరుకులో ఇది తక్కువ ఉంటుంది, ఎందుకంటే ఫాస్ఫరస్ అప్పటికే ఆ ఫెర్రో మాంగనీస్‌లోకి పోయి ఉంటుంది. ఏం వాడారని ఫోన్ చేసి అడిగితే ఇంతవరకు జవాబు లేదు.

తడిసిన బ్యాగులు మాత్రం మాట లేకుండా మార్చి ఇచ్చారు. తడి సరుకు వేడి మెటల్ మీద పడితే ఎలా చిమ్ముతుందో తెలిసినవాళ్లే అక్కడ కూర్చున్నట్టున్నారు.

ఐదుకి మూడున్నర. అల్యూమినియం కిల్డ్ (అల్యూమినియంతో ఆక్సిజన్ తీసేసిన) షీట్ గ్రేడులు చేసేవాళ్లు ఇటు రావద్దు, మీ స్టీలుకి ఇంత సిలికాన్ పనికిరాదు. మీడియం లేదా లో కార్బన్ ఫెర్రో మాంగనీస్ చూసుకోండి. మిగతావాళ్లు ఆర్డర్‌లోనే పొడి ఎంత శాతం దాటకూడదో, ఫాస్ఫరస్ ఎంత ఉండాలో అంకెల్లో రాయించుకోండి.