మూడేళ్లుగా యూవీ ల్యాంపు వాడుతున్నా: మంట గురించి నా అనుభవం

మాది అనంతపురం. మెడ మీద, మోచేతుల దగ్గర, చేతివేళ్ల మీద బొల్లి మచ్చలు. మొదట్లో ఆస్పత్రికెళ్లి వారానికి మూడుసార్లు లైటు పెట్టించుకునేదాన్ని, అన్నిసార్లు ఆఫీసులో పర్మిషన్ అడగలేక డాక్టరుగారితో మాట్లాడి చేత్తో పట్టుకునే ల్యాంపు కొనుక్కున్నా. 311 నానోమీటర్ల యూవీబీ (ఎండలోనూ ఉండే అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం), లోపల 9 వాట్ల చిన్న ట్యూబు, పైన దువ్వెన లాంటి తొడుగు, కళ్లకు నల్లద్దాలు.

అందరూ అడిగేది నొప్పి పుడుతుందా అనే. లైటు పెట్టినంతసేపూ ఏమీ తెలియదు, కాస్త గోరువెచ్చగా ఉంటుందేమో. చిక్కంతా అక్కడే. చర్మం కాలినా ఆ క్షణంలో తెలియదు, ఎనిమిది పది గంటలయ్యాక, సరిగ్గా నిద్రపట్టే వేళకు మొదలవుతుంది. మొదటి నెలలో, ఏమీ కావట్లేదు కదా అని 30 సెకన్ల నుంచి ఒకేసారి నిమిషానికి పెంచా. ఆ రాత్రి మెడకు గొడ్డుకారం రుద్దినట్టు భగభగ, దుప్పటి తగిలినా చుర్రుమంటోంది. "మచ్చ పోవాలని తోలు కాల్చుకుంటావేమే" అని తిడుతూనే మా అమ్మ తెల్లవార్లూ తడిగుడ్డలు వేసింది.

తర్వాత డాక్టరుగారు చెప్పిన లెక్క పట్టుకున్నా. మర్నాడు మచ్చ లేత గులాబీ రంగుకు తిరిగి, 24 గంటల్లో మామూలైపోతే టైము సరిపోయినట్టు. అసలేమీ తిరగకపోతే పదో వంతు పెంచడం. ఎర్రగా ఉండి మంట పుడుతుంటే తగ్గేదాకా ఆపి, మళ్లీ తక్కువ టైముతో మొదలుపెట్టడం. వరసగా రెండు రోజులు పెట్టకూడదు, మధ్యలో కొన్ని వారాలు మానేస్తే పాత టైముకు పోకూడదు.

అయినా ఇంకోసారి కాలింది! ట్యూబు వాడేకొద్దీ బలం తగ్గుతుంది, మనం దానికి తగ్గట్టు టైము పెంచుకుంటూ పోతాం. కొత్త ట్యూబు వేసి పాత టైమే పెట్టా, మోచేతికి బొబ్బలు లేచాయి. కొన్నప్పుడు అంగడివాళ్లు ఈ ముక్క చెప్పలేదు, డబ్బాలో కాగితం మీద కూడా లేదు. మన ఊరి ఎండ సంగతీ మర్చిపోవద్దు, లైటు పెట్టిన రోజు మధ్యాహ్నం బండి మీద తిరిగితే అదీ ఆ లెక్కలోకే వస్తుంది. అందుకే నేను రాత్రిపూటే పెట్టుకుంటా.

మా మరిది బెంగళూరులో మొటిమలకు లైటు పెట్టించుకుని అరిచినంత పనిచేశాడు, అది విని భయపడేవాళ్లున్నారు. అది వేరే వైద్యం. ముందు మందు పూసి, కొంతసేపు ఆగి ఎర్రలైటు వేస్తారు. ఆ మందు వెలుగు తగలగానే పనిచేస్తుంది కాబట్టి నొప్పి అప్పటికప్పుడే వస్తుంది, ఫ్యాను పెట్టి, మధ్యమధ్యలో ఆపి చేస్తారట.

ఫలితం అంటారా, నాలుగో నెలలో మెడ మీద వెంట్రుకల మొదట్లో ఆవగింజలంత గోధుమరంగు చుక్కలు వచ్చాయి, అంటే రంగు తిరిగొస్తోందన్నమాట, ఇప్పుడు మచ్చ ముప్పావు వంతు చర్మం రంగులో కలిసిపోయింది. మోచేతులు సగం. వేళ్ల మీద మూడేళ్లకూ ఒక్క చుక్క రాలేదు. వేళ్లకు రావడం కష్టమని డాక్టరుగారు ముందే అన్నారు, నేనే వినిపించుకోలేదు.