డీబీ సైజ్ టూల్‌ని ఎనిమిది నెలలు ఏజెంట్ చేతిలో పెట్టి చూశాక

బెంగళూరు మారతహళ్లిలో మాది ఇద్దరు మనుషుల ఆఫీసు. నేనూ, మా బావమరిదీ. పచ్చళ్ల షాపులు, ట్యూషన్ సెంటర్లు, ఒక వంటల సైటు, అన్నీ కలిపి పద్నాలుగు వర్డ్‌ప్రెస్ సైట్లు చూసుకుంటాం. ఎనిమిది నెలల కిందట రోజువారీ పని ఏఐ ఏజెంట్‌కి అప్పగించినప్పుడు దాని చేతికి ముందుగా ఇచ్చిన టూల్ డబ్ల్యూపీ-సీఎల్‌ఐ (వర్డ్‌ప్రెస్‌ని కమాండ్లతో నడిపే సాధనం)లోని ‘డీబీ సైజ్’ కమాండ్. డేటాబేస్ ఎంత ఉందో చెప్తుంది, అంతే. దేన్నీ చెరపదు, మార్చదు. దీంతో వచ్చే గొడవేముంటుందిలే అనుకున్నాం.

ఏజెంట్‌కి టూల్స్ అందించే ఎంసీపీ అనే పద్ధతిలో ప్రతి టూల్‌కీ ఒక పేరు, ఒక వివరణ, ఏ ఇన్‌పుట్ ఇవ్వాలో చెప్పే స్కీమా ఉంటాయి. ఏజెంట్ చదివేది వాటినే, లోపలి కోడ్ దాని కంట పడదు. నేను మొదట రాసిన వివరణ ఒకే ఒక్క ముక్క: ‘సైట్ డేటాబేస్ సైజ్ చూపిస్తుంది.’ తొందరలో రాశాను, రాసి మర్చిపోయాను.

రెండో నెలలో దాని ఫలితం చూశాను. మనం హద్దు పెట్టకపోతే వర్డ్‌ప్రెస్ పోస్టుల పాత రివిజన్లన్నీ (మార్చినప్పుడల్లా మిగిలే పాత ప్రతులు) దాచుకుంటూ పోతుంది. వంటల సైటు నడిపే ఆవిడేమో ఉప్పు కొలత మార్చినా అప్‌డేట్ నొక్కే రకం. రివిజన్లు తీసేయమని ఏజెంట్‌కి చెప్పాను. తీసేసింది. సైజ్ చూసుకుంది: 1.8 జీబీ. ముందూ అంతే. పని జరగలేదేమో అనుకుని మళ్లీ వెతికింది, రివిజన్లు ఒక్కటీ లేవు. ఇక తగ్గించడానికి ఇంకేం దొరుకుతాయా అని చూస్తూ డ్రాఫ్టుల మీద పడింది. ‘412 డ్రాఫ్టులు తొలగించాలి, అనుమతిస్తారా?’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చేసరికి నేను టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సులో నిలబడి ఉన్నాను. సంక్రాంతికని ఆవిడ దాచుకున్న పిండివంటలన్నీ వాటిలోనే ఉన్నాయి. వద్దని నొక్కాను గానీ, దిగేవరకూ టెన్షనే.

ఆ రాత్రి కూర్చుని చూస్తే విషయం తేలింది. ఈ కమాండ్ ఫైళ్లను కొలవదు. డేటాబేస్ తన గురించి తానే రాసుకునే ఇన్ఫర్మేషన్ స్కీమాని అడిగి, డేటా సైజూ, వెతకడానికి వాడే ఇండెక్స్ సైజూ కూడి చెప్తుంది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ 8లో ఆ అంకెలు మామూలుగా 86,400 సెకన్లు, అంటే 24 గంటలు, క్యాష్‌లో ఉంటాయి. నిన్నటి లెక్కే ఇవాళా చెప్పొచ్చన్నమాట. పైగా మైఎస్‌క్యూఎల్ డేటాని దాచే ఇంజిన్ ఇన్నోడీబీలో వరుసలు చెరిపినా ఫైలు తగ్గదు. ఆ ఖాళీ తర్వాత వచ్చే డేటా కోసం లోపలే ఉండిపోతుంది. ‘బియ్యం తోడినంత మాత్రాన డబ్బా చిన్నదవుతుందా బావా?’ అన్నాడు మావాడు. ఆ మాట దాదాపు అలాగే వివరణలోకి ఎక్కించాను: ‘తొలగించిన వెంటనే ఈ అంకె తగ్గకపోవచ్చు. తగ్గలేదంటే పని విఫలమైనట్టు కాదు. దీన్ని చూసి ఇంకేదీ తొలగించకు. ఎన్ని వరుసలు పోయాయో లెక్కపెట్టి చెప్పు.’

తర్వాత టేబుళ్లలోని ఖాళీ జాగాని రాబట్టే ఆప్టిమైజ్ కమాండ్ దగ్గర తగులుకుంది. ఇన్నోడీబీ టేబుల్ మీద అది నడిపితే మైఎస్‌క్యూఎల్ ‘టేబుల్ డజ్ నాట్ సపోర్ట్ ఆప్టిమైజ్, డూయింగ్ రీక్రియేట్ ప్లస్ అనలైజ్ ఇన్‌స్టెడ్’ అంటుంది, అంటే ఆప్టిమైజ్ కుదరదు, దాని బదులు టేబుల్‌ని మళ్లీ కట్టి లెక్కలు తాజా చేస్తున్నానని. కింద లైన్లో ‘స్టేటస్ ఓకే’ అని ఉంటుంది. మన ఏజెంట్ పై లైను సగం చదివి ఫెయిలైందని రిపోర్ట్ ఇచ్చింది. నిజానికి టేబుల్ కొత్తగా కట్టుకుంది, ఖాళీ జాగా కూడా తిరిగొచ్చింది. వివరణలో దీనికో రెండు లైన్లు. అలా కట్టేటప్పుడు ఇంచుమించు ఆ టేబులంత జాగా డిస్క్‌లో అదనంగా కావాలని ఇంకో లైను.

యూనిట్ల సంగతి చిన్నదే గానీ చిరాకు. ఈ కమాండ్‌కి ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో gb అని ఇస్తే ఒక్కో మెట్టుకి 1,024 లెక్క, పెద్ద అక్షరాల్లో GB అని ఇస్తే 1,000 లెక్క. జీబీ దగ్గరికొచ్చేసరికి రెంటికీ తేడా ఏడు శాతం దాటుతుంది. ఒకరోజు అలా అడిగి, మర్నాడు ఇలా అడిగి, డేటాబేస్ పెరిగిపోయిందని మాకు హెచ్చరిక పంపింది. ఇప్పుడు బైట్లలో తప్ప అడగొద్దని రాసేశాను.

ఒకే డేటాబేస్‌లో రెండు సైట్లుంటే ఆ మొత్తం అంకె రెంటికీ కలిపి వస్తుంది. కమాండ్‌కి టేబుల్స్ అనే ఆప్షన్ కలిపితే ఏ టేబుల్ ఎంతో విడివిడిగా తెలుస్తుంది. అప్‌లోడ్ చేసిన ఫొటోలు అసలు లెక్కలోకే రావు.

టూల్‌కి నేను వంక పెట్టను. వేగంగా వస్తుంది, ఎనిమిది నెలల్లో ఒక్కసారీ ఆగలేదు. ఆ లెక్క ఎప్పటిదో కూడా పక్కనే చెప్తే బాగుండేది. నా వివరణ మాత్రం ఒక్క ముక్క నుంచి పదకొండు లైన్లయింది. టోకెన్లు (ఏజెంట్ చదివే మాటల లెక్క) దండగ, కుదించమని మావాడు పోరు పెడితే పోయిన నెల ఒక సైటులో ఐదు లైన్లకి తగ్గించాను. వారం తిరక్కుండా ‘ఆప్టిమైజ్ విఫలం’ అని రిపోర్ట్ వచ్చింది. పదకొండూ మళ్లీ పెట్టేశాను.