కూపన్ కోడ్ చూసి పరుపు కొనబోతున్నారా, ఒక్క నిమిషం ఆగండి

ఆన్‌లైన్‌లో పరుపు కొనాలనుకుంటున్నవాళ్ళు, ముఖ్యంగా నాలాగే నడుము నొప్పితో విసిగిపోయి "ఏది మంచిదో కాస్త చెప్పండి" అని గ్రూపుల్లో అడుగుతున్నవాళ్ళు ఇది పూర్తిగా చదవండి. ఒక బ్లాగర్ రివ్యూ నమ్మి ఆన్‌లైన్‌లో కొన్న నా పరుపు రెండు నెలలు తిరక్కుండానే గుంట పడింది. ఆ కంపెనీ పేరు, బ్లాగర్ పేరు రాయడం లేదు. వారంటీ గొడవ ఇంకా తేలలేదు. పైగా పేర్లు మారినా అమ్మే పద్ధతి ఇదే, మీరు తెలుసుకోవాల్సింది కూడా అదే.

ఆ బ్లాగర్‌ని నేను మూడేళ్ళుగా చదువుతున్నాను. ఎంతసేపటికోసారి లేచి నడవాలి, పక్కకి తిరిగి పడుకుంటే దిండు ఎంత ఎత్తు ఉండాలి, ఇవన్నీ ఓపిగ్గా రాసేవాడు. కంప్యూటర్ తెర కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టమంటే పెట్టాను, మెడ నొప్పి నిజంగానే తగ్గింది. అలాంటి మనిషి "ఆరు నెలలుగా ఈ పరుపు మీదే పడుకుంటున్నాను, పొద్దున్నే నడుము పట్టేయడం పూర్తిగా పోయింది" అని రాస్తే అనుమానం ఎందుకొస్తుంది చెప్పండి? అయినా ఎందుకైనా మంచిదని ఒక గ్రూపులో అడిగాను. పది నిమిషాల్లో నలుగురు అదే పరుపు పేరు చెప్పారు, అడ్మిన్ అయితే ఏకంగా కూపన్ కోడ్ ఇచ్చాడు. మన డబ్బు మిగల్చాలని చూస్తున్నాడు, మంచివాడే అనుకున్నాను.

పరుపు వచ్చింది, మొదటి నెల హాయిగానే ఉంది. వాపసు గడువు 30 రోజులు. అది దాటిన రెండో వారంలో పొద్దున్నే లేస్తుంటే నడుము పట్టేసింది, పాత నొప్పి కంటే ఎక్కువగా. దుప్పటి తీసి చూస్తే నేను పడుకునే వైపు గుంట. ఒక తిన్నని కర్ర పరుపు మీద అడ్డంగా పెట్టి, మధ్యలో స్కేలు నిలబెట్టి కొలిచాను. 2.8 సెంటీమీటర్లు. వారంటీ కార్డు తీసి చదివితే, 3.5 సెంటీమీటర్లు దాటితేనే లోపం కింద లెక్కట, అది కూడా పరుపు ఖాళీగా ఉన్నప్పుడు కొలవాలట. మనిషి లేచాక ఫోమ్ కొంత పైకి లేస్తుంది కదా, పడుకున్నప్పుడు నడుము ఎంత లోతుకి దిగుతోందో ఆ కొలతలో కనపడనే కనపడదు. రాత్రంతా నేను పడే బాధకి ఆ కాగితం మీద చోటే లేదు.

అప్పుడు ఆ రివ్యూ మళ్ళీ తెరిచి నిదానంగా చూశాను. ఆరు నెలలు వాడానన్న పరుపు ఫొటోలో ఒక మూల ప్యాకింగ్ ప్లాస్టిక్ ముక్క ఇంకా అతుక్కునే ఉంది. గ్రూపులో ఇద్దరు వేర్వేరు మనుషులు "మా ఇంట్లో వేసుకున్నాం" అంటూ పెట్టిన ఫొటోల్లో కిటికీ కర్టెన్ ఒకటే, రెండో కొక్కెం దగ్గర చిరుగు కూడా ఒకటే. ఇక బ్లాగు పేజీ అట్టడుగున, లేత బూడిద రంగు అక్షరాల్లో, ఈ లింకుల ద్వారా కొంటే నాకు కమీషన్ రావచ్చు అని ఒక్క ముక్క. అంత కిందకి ఎవరు చదువుతారు? నేనైతే చదవలేదు.

చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్తాను. అలాంటి లింకు నొక్కగానే మన బ్రౌజర్‌లో కుకీ అని ఒక చిన్న గుర్తు పడుతుంది, ఆ గుర్తు కొన్ని రోజులు ఉంటుంది, ఆలోపు మనం కొంటే కమీషన్ వాళ్ళ ఖాతాలోకి వెళ్తుంది. కూపన్ కోడ్‌కి లింకు కూడా అక్కర్లేదు, కోడ్ కొట్టగానే ఈ కొనుగోలు ఎవరి ద్వారా వచ్చిందో కంపెనీకి తెలిసిపోతుంది. కమీషన్ తీసుకోవడం తప్పని నేను అనడం లేదు, ఆ సంగతి మొదటి లైనులో చెప్పకపోవడం తప్పు. అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే బ్లాగర్లు ఇలాంటి సంబంధాలు బయటపెట్టాలని మార్గదర్శకాల్లో చేర్చింది, 2024లో నకిలీ రివ్యూలు కొనడం, అమ్మడం మీద నిషేధం కూడా తెచ్చింది. గ్రూపులైనా అంతే. నకిలీ రివ్యూలు రాయించే 10,000కు పైగా ఫేస్‌బుక్ గ్రూపుల అడ్మిన్ల మీద అమెజాన్ 2022 జూలైలో కేసు వేసింది. వేలల్లో గ్రూపులు! నలుగురు చెప్పారు కదా అని నమ్మిన నాకు ఆ నలుగురూ ఎవరో తెలియదు.

మనం నమ్మడంలో వింతేం లేదు. మార్కెట్ సర్వేలు చేసే నీల్సన్ సంస్థ 2015లో 60 దేశాల్లో అడిగితే, తెలిసినవాళ్ళ సలహా నమ్ముతామన్నవాళ్ళు 83 శాతం, ఇంటర్నెట్‌లో ఇతర వినియోగదారులు రాసిన అభిప్రాయాలు నమ్ముతామన్నవాళ్ళు 66 శాతం. ముక్కూ మొహం తెలియనివాళ్ళ మాట మీద ఇంత నమ్మకం ఉన్నప్పుడు దాన్ని డబ్బు చేసుకునేవాళ్ళు రాకుండా ఎలా ఉంటారు? నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం వేరే. ఆ బ్లాగర్ అపరిచితుడు కాదు నాకు. చిన్న విషయాల్లో మూడేళ్ళు నిజం చెప్పాడు, ఆ నమ్మకాన్ని పెద్ద వస్తువు దగ్గర అమ్ముకున్నాడు. పుస్తకాల సలహాలో అతనికి వచ్చేదేమీ లేదు, పరుపు సలహాలో ఉంది. ఈ రెండిటినీ నేను ఒకే గాటన కట్టాను, మీరు కట్టకండి.

స్కేలు ఫొటో గ్రూపులో పెడితే గంటలో పోస్టు మాయం. "నెగెటివిటీ వద్దు" అని అడ్మిన్ మెసేజ్. ఆ నలుగురిలో ఒక్కరూ పలకలేదు.

అలాగని ఆన్‌లైన్ సలహాలన్నీ మోసమని చెప్పను, ఎందుకంటే అసలు విషయం నాకు చెప్పింది కూడా ఆన్‌లైన్‌లో ఒక తెలియని మనిషే. ఫర్నిచర్ రిపేర్లు చేసుకునేవాళ్ళ గ్రూపు అది. అక్కడ పెట్టిన నా పోస్టు చూసి ఒకాయన ఒక్కటే అడిగారు, "ఫోమ్ డెన్సిటీ ఎంతండీ?" అని. డెన్సిటీ అంటే గట్టిగా ఉండటం కాదట, ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందనే లెక్క. చేత్తో నొక్కితే గట్టిగా అనిపించే ఫోమ్ కూడా డెన్సిటీ తక్కువైతే త్వరగా కుంగిపోతుందట. వెళ్ళి చూస్తే అంత పొడుగు రివ్యూలో గుడ్డ మెత్తదనం, చల్లదనం, జిప్పు నాణ్యత అన్నీ ఉన్నాయి గానీ ఆ ఒక్క అంకె లేదు. కంపెనీ పేజీలోనూ లేదు. ఆయన మాత్రం ఏది కొనాలో చెప్పనే లేదు, ఏం అడగాలో చెప్పారు.

ఇదే దారిలో కొని ఇంకా 30 రోజులు దాటనివాళ్ళు ఉంటే ఈ రోజే దుప్పటి తీసి కొలవండి, రెండు వైపులా. కర్రా స్కేలూ రెండూ కనపడేలా ఫొటో తీయండి. చాట్‌లో మాట్లాడి వదిలేయకండి, మెయిల్ పెట్టండి. నేను చాట్‌లో పెట్టిన మొదటి ఫిర్యాదు "మీ సమస్య పరిష్కారమైంది" అని దానంతటదే మూసేశారు, ఇప్పుడు దానికి ఆధారం కూడా లేదు. డెన్సిటీ ఎంతో చెప్పమని కంపెనీకి రెండో మెయిల్ పెట్టాను, జవాబు రాగానే ఇక్కడే రాస్తాను. మీలో ఎవరికైనా ఆ అంకె చెప్పి ఉంటే కింద రాయండి.