టీడీఎస్ మీటరు చూపించి సాఫ్ట్‌నర్ రెసిన్ మార్చమంటే ఒప్పుకోకండి: తిరుపతి బోరు నీళ్ళ ఇళ్ళవారికి ఒక హెచ్చరిక

తిరుపతిలో బోరు నీళ్ళ మీద ఆధారపడి ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ (నీళ్ళ గరుకుదనం, అంటే హార్డ్‌నెస్, తగ్గించే మిషను) పెట్టుకున్నవారికి, పెట్టుకోబోతున్నవారికి ఈ వేసవిలో మాకు జరిగిన నష్టాన్ని వివరంగా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. సాఫ్ట్‌నర్‌ను శుభ్రం చేస్తామని వచ్చినవారు మా దగ్గర 14,500 రూపాయలు తీసుకున్నారు. అందులో చెడిపోయిన భాగమేదీ లేదని, ట్యాంకులో వేసిన ఉప్పు కరిగి మిషనులోకి దిగడం ఆగిపోవడమే అసలు లోపమని మాకు తెలిసేసరికి నెల గడిచిపోయింది.

మాది పద్మావతీపురం వైపు సొంత ఇల్లు. ఊరికి కల్యాణి డ్యాం నీళ్ళు, తెలుగుగంగ నీళ్ళు వస్తున్నా మా ఇంట్లో అవి వంటకూ తాగడానికీ మాత్రమే సరిపోతాయి. స్నానాలు, బట్టలు, అంట్లు అన్నీ బోరు నీళ్ళతోనే జరగాలి, ఆ బోరులో వచ్చేవి ఉప్పునీళ్ళు, అంటే గరుకు నీళ్ళు. బకెట్లకు తెల్లటి పొర కట్టడం, షవరు రంధ్రాలు మూసుకుపోవడం, గీజరు కాయిల్ పాడైపోవడం చూసి చూసి, మూడేళ్ళ కిందట గరుకుదనాన్ని పట్టుకునే రెసిన్ పూసలు 25 లీటర్లు ఉన్న ఆటోమేటిక్ సాఫ్ట్‌నర్ పెట్టించుకున్నాము. రెండున్నరేళ్ళకు పైగా అది చక్కగా పనిచేసింది.

ఏప్రిల్‌లో సబ్బు నురగ రావడం తగ్గింది, స్టీలు గిన్నెల మీద మళ్ళీ తెల్ల మచ్చలు కనిపించాయి. మిషను కొన్న దుకాణానికే ఫోను చేస్తే ఇద్దరు కుర్రవాళ్ళను పంపించారు. వాళ్ళు పైపు ఒక్కటీ విప్పకుండా జేబులోంచి టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన మొత్తం లవణాలను చూపే పరికరం) తీసి, లోపలికి వెళ్ళే నీళ్ళలోనూ బయటికి వచ్చే నీళ్ళలోనూ ముంచి చూపించారు. మొదటిది 1,180, రెండవది 1,190. "చూడండి మేడం, మిషను ఏం పని చేయలేదు, రెసిన్ చచ్చిపోయింది" అన్నారు. అంకెలు కళ్ళ ముందే కనిపిస్తుంటే మా వారూ నేనూ ఇంకేమీ అడగలేకపోయాము.

ఇక్కడే మోసపోయాము కాబట్టి దీన్ని కొంచెం విడమరచి చెబుతాను. నీళ్ళ గరుకుదనానికి కారణం కాల్షియం, మెగ్నీషియం. సాఫ్ట్‌నర్‌లోని రెసిన్ పూసలు వాటిని పట్టుకుని, బదులుగా సోడియంను నీళ్ళలోకి వదులుతాయి. పూసలు నిండిపోయినప్పుడు మిషను ఉప్పు ట్యాంకులోని ఉప్పునీళ్ళను పీల్చుకుని వాటిని కడుగుతుంది, అప్పుడు పూసలకు మళ్ళీ సోడియం అందుతుంది. అంటే ఒక లవణం పోయి ఇంకొక లవణం వస్తుందే గాని, నీళ్ళలో కరిగి ఉన్న మొత్తం లవణాలు తగ్గవు. టీడీఎస్ మీటరు కొలిచేది ఆ మొత్తాన్నే, అది కూడా నీళ్ళలో విద్యుత్తు ప్రవహించే తీరును బట్టి వేసే అంచనా. అందువల్ల నిన్ననే బిగించిన కొత్త సాఫ్ట్‌నర్‌కు ఆ మీటరు పెట్టినా రెండు వైపులా దాదాపు ఒకే అంకె కనిపిస్తుంది. టీడీఎస్ తగ్గించేది ఆర్‌వో యంత్రం, సాఫ్ట్‌నర్ కాదు. సాఫ్ట్‌నర్లు అమ్మేవారికి ఈ సంగతి తెలియదని నేను నమ్మలేను.

వాళ్ళు మరునాడు అప్పటికే మూతి విప్పి ఉన్న ఒక సంచీతో వచ్చి, పాత రెసిన్ తీసేసి కొత్తది పోశారు. ఆ తర్వాత ఉప్పు ట్యాంకులో ఘాటైన యాసిడ్ ఏదో పోసి, "క్లీనింగ్ కూడా అయిపోయింది" అన్నారు. ఆ పొగకు వరండాలో కూర్చున్న మా మామగారు సాయంత్రం దాకా దగ్గుతూనే ఉన్నారు. రెసిన్‌ను కడిగేది ప్రతిసారీ మిషను తనంతట తాను పీల్చుకునే ఉప్పునీళ్ళే. నీళ్ళలో ఇనుము ఉండి పూసలకు తుప్పు పట్టినప్పుడు తప్ప యాసిడ్‌తో పనిలేదు. అప్పుడు కూడా దానికి తగిన మందును తగిన మోతాదులో వాడి, పూర్తిగా కడిగేయాలి గాని గాఢమైన యాసిడ్ తెచ్చి కుమ్మరించకూడదు. పాత రెసిన్‌ను వాళ్ళే బండి మీద తీసుకుపోయారు. డబ్బు ఫోనులో పంపించాము, బిల్లు తర్వాత ఇస్తామని చెప్పి ఇవ్వలేదు.

నాలుగు రోజులు నీళ్ళు మెత్తగా వచ్చాయి, ఐదో రోజు మళ్ళీ మామూలే. దుకాణానికి ఫోను చేస్తే, మీ బోరు నీళ్ళు మరీ ఉప్పగా ఉన్నాయి, పెద్ద మిషను కొనుక్కోవాలి అన్నారు.

ఆ సమయంలో మా వీధి చివర ఉండే పెద్దాయన ఒకరు మాకు సాయపడ్డారు. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవారు. సంగతంతా విని ఆయన అడిగిన మొదటి మాట, "ఉప్పు దిగుతోందా లేదా చూసుకున్నావా అమ్మా?" అని. నేను చూసుకోలేదు. 25 లీటర్ల రెసిన్‌ను ఒకసారి కడగడానికి సుమారు మూడు కిలోల ఉప్పు కావాలి, మా వాడకానికి మూడు రోజులకు ఒకసారి కడగాలి, అంటే నెలకు పాతిక, ముప్పై కిలోలు అయిపోవాలి. మేము ఫిబ్రవరిలో నింపిన కల్లుప్పు మే నెలలో కూడా అదే ఎత్తులో ఉంది. ట్యాంకు నిండుగా కనిపిస్తే సంతోషించానే గాని, అదే జబ్బుకు గుర్తు అని నాకు తట్టలేదు.

ఆయన చీపురు కర్ర తెప్పించి పైనుంచి మెల్లగా పొడిస్తే, ఉప్పు రాయిలా గట్టిపడి, దాని కింద గుల్లగా ఉన్నట్టు తేలింది. తేమకు పైపొర పెచ్చులా కట్టుకుపోతే కింద ఉన్న నీళ్ళకు ఉప్పు అందదు. మిషను వేళకు గిర్రుమని తిరుగుతుంది, నీళ్ళు కాలువలోకి పోతాయి, రెసిన్ మాత్రం కడగబడదు. దీనికి తోడు ఉప్పునీళ్ళను పీల్చే ఇంజెక్టర్ అనే చిన్న ముక్క ముందున్న జాలీ నిండా కల్లుప్పులోని మట్టి పేరుకుని ఉంది. పెచ్చును పగలగొట్టి, అడుగున చేరిన బురద తోడేసి, జాలీని గోరువెచ్చని నీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో కడిగి బిగించడానికి మాకు రెండు గంటలు పట్టింది. ఖర్చు ఒక్క ఉప్పు బస్తా.

గరుకుదనం కొలిచే చుక్కల మందు కూడా ఆయనే తెచ్చారు. నమూనా నీళ్ళు మొదట ఎర్రగా మారతాయి, మందు చుక్కలు వేస్తూ పోతే ఒకచోట నీలం రంగుకు తిరుగుతాయి, చుక్కల లెక్కే గరుకుదనం. మా బోరు నీళ్ళు లీటరుకు 560 మిల్లీగ్రాములు. తాగే నీళ్ళకు ఉండే ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 దాకా మంచిది, వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చు. సాఫ్ట్‌నర్ నుంచి వచ్చే నీళ్ళు శుభ్రం చేయకముందు 540 చూపించాయి, ఉప్పు సరిగా పీల్చుకుని ఒకసారి కడిగిన తర్వాత 20 కన్నా తక్కువకు వచ్చాయి.

మరి ఆ నాలుగు రోజులు ఎలా పనిచేసిందని నేను అడిగితే ఆయన చెప్పిన జవాబు విని నాకు నిజంగా బాధ కలిగింది. కొత్త రెసిన్ సంచీలోనే సోడియంతో నిండి వస్తుంది కాబట్టి, ఒక్క గింజ ఉప్పు దిగకపోయినా మొదటి కొన్ని రోజులు నీళ్ళు మెత్తగానే వస్తాయి. ఆ నాలుగు రోజులు చూసే మనం మార్చడం వల్లే బాగైందని నమ్ముతాము. ఇంకొక సంగతి కూడా అప్పుడే బయటపడింది. పది అంగుళాల వెడల్పున్న మా ట్యాంకులో 25 లీటర్ల రెసిన్ పోస్తే అది సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. వాల్వు విప్పి కొలిస్తే 32 సెంటీమీటర్లే ఉంది. అంటే డబ్బు 25 లీటర్లకు తీసుకుని 16 లీటర్లు పోశారు. క్లోరిన్ దెబ్బ తగలకుండా చూసుకుంటే పదేళ్ళ దాకా కూడా రావలసిన పాత రెసిన్‌ను తీసేసి, దాని స్థానంలో తక్కువ కొలత పెట్టి వెళ్ళారు.

కాబట్టి మీ ఇంటికి ఎవరైనా టీడీఎస్ మీటరుతో వస్తే, దాన్ని పక్కన పెట్టి చుక్కల మందుతో రెండు వైపులా గరుకుదనం చూపించమని అడగండి. ఆ మందు తమ దగ్గర లేదంటే పని మొదలుపెట్టనివ్వకండి. దానికంటే ముందే ఉప్పు ట్యాంకులోకి కర్ర దించి చూసుకోండి. వారానికి ఒకసారి ఉప్పు ఎత్తుకు లోపలివైపు పెన్నుతో గీత పెట్టుకుంటే చాలు, అది దిగుతోందో లేదో ఎవరినీ అడగనక్కరలేదు. కల్లుప్పు వాడేవారు మట్టి లేనిది చూసి కొనాలి, ఏడాదికి రెండుసార్లయినా ట్యాంకు ఖాళీ చేసి అడుగు కడగాలి. మా ఇంట్లో ఆ ఇద్దరూ ఉప్పునీళ్ళు బయటికి పోయే గొట్టాన్ని తీసి కరివేపాకు చెట్టు మొదట్లో వదిలి వెళ్ళారు, ఉప్పు దిగడం మొదలైన తర్వాత చెట్టు సగం ఎండిపోయింది. ఆ గొట్టం ఎటు పోతోందో కూడా చూసుకోండి.

దుకాణానికి రిజిస్టర్ పోస్టులో ఉత్తరం రాశాను, జవాబు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. దానితో పరిష్కారం కాకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్ళ లోపల కేసు వేయవచ్చు, చెల్లించిన సొమ్ము ఐదు లక్షలు దాటకపోతే రుసుము కూడా లేదు. అయితే నా చేతిలో బిల్లు లేదు, ఫోనులో డబ్బు పంపిన రుజువు మాత్రమే ఉంది, పాత రెసిన్ అసలే లేదు. మీరు రెసిన్ మార్పించుకోవలసి వస్తే, పాతదాన్ని సంచీలో కట్టించి మీ ఇంట్లోనే ఉంచుకోండి, కొత్తదాన్ని మీ ఎదుట లీటరు మగ్గుతో కొలిపించి పోయించుకోండి, బిల్లులో లీటర్ల లెక్క రాసిన తర్వాతే డబ్బు ఇవ్వండి.