ఎన్‌పీటెల్ కోర్సులు: నెల్లూరు, ఒంగోలు డిగ్రీ పిల్లలకు ఎంతవరకు ఉపయోగం?

డిగ్రీ రోజుల్లో ఎలాంటి ప్రశ్నలు వేయడం అలవాటైతే, తర్వాత ఉద్యోగంలోనూ అవే వెంట వస్తాయి. కావలిలోనో కందుకూరులోనో చదివేవాళ్లకు ఆ అలవాటు చేయాల్సింది కాలేజీలో ఉన్న కొద్దిమంది లెక్చరర్లే. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం ఎన్‌పీటెల్ వల్ల ఇప్పుడు ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు కూడా ఇంట్లోనే వినొచ్చు. మంచి సేవ. వాడుకునే పద్ధతిలోనే చాలామంది దెబ్బతింటున్నారు.

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ 'స్వయం'లో ఏటా జనవరి, జులై సెమిస్టర్లకు ఈ కోర్సులు వస్తాయి. చేరడం ఉచితం. 12 వారాల కోర్సంటే దాదాపు 30 గంటల వీడియో, కాబట్టి మొదటిసారి 8 వారాలది చాలు. పరీక్ష రాయాలంటే విడిగా రిజిస్టర్ చేసుకుని 1,000 రూపాయలు కట్టాలి. కోర్సులో చేరాం కదా, పరీక్షకు కూడా పేరు పడిపోయిందనుకుని గడువు దాటించేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

మార్కుల లెక్క తప్పక తెలుసుకోవాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. 12 వారాల కోర్సులో మంచి మార్కులొచ్చిన 8 అసైన్‌మెంట్లనే లెక్కిస్తారు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే జవాబులు ఎక్కించి 25కి 24 తెచ్చుకున్నా, పరీక్షలో 29 వస్తే మొత్తం 53 అయినా సర్టిఫికెట్ లేదు. ఆ పరీక్ష సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని రాసేది, అక్కడ గ్రూపు ఆదుకోదు.

ఏ కోర్సు తీసుకోవాలన్నది అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. సీనియర్లు 'ఈజీ' అన్నది కాకుండా, సొంత సబ్జెక్టుకు పక్కనున్నది తీసుకోవడం మేలు. ఆక్వాకల్చర్ చదివే నెల్లూరు విద్యార్థికి స్టాటిస్టిక్స్ అలాంటిదే. రేపు రొయ్యల చెరువు మీద టెక్నీషియన్‌గా చేరితే వల విసిరి శాంపిల్ తీసి, సగటు బరువు రాసుకోవాలి. రెండు చెరువుల్లో ఎదుగుదల తేడాగా ఉంటే అది మేత వల్లా, చెరువులో వదిలిన రొయ్య పిల్లల సాంద్రత వల్లా, లేక తీసిన శాంపిలే చిన్నదా అని అడగగలిగినవాడి మాటకు రైతు దగ్గర విలువ ఉంటుంది. చీమకుర్తి గ్రానైట్ వైపు వెళ్లాలనుకునే జియాలజీ వాళ్లకు ఎకనామిక్స్ అంతే అవసరం.

ఇంగ్లిష్ వేగం మొదట ఇబ్బంది పెడుతుంది. చాలా కోర్సులకు తెలుగు ట్రాన్‌స్క్రిప్టు, అంటే పాఠం రాతరూపం, ఉంది. అది ముందు చదివి, తర్వాత వీడియో ఇంగ్లిష్‌లోనే వినాలి. రాని లెక్కను డిస్కషన్ ఫోరంలో అడగాలి. ఆ అవకాశాన్ని మనవాళ్లు దాదాపు వాడరు, నిజంగా బాధ కలిగించే విషయమిది.

డిగ్రీ లెక్కలో చేరే క్రెడిట్ల సంగతికొస్తే, ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చేయడానికి యూజీసీ 2021 నిబంధనలు ఒప్పుకుంటున్నాయి. ఏ కోర్సుకు ఇస్తారో డబ్బు కట్టకముందే కాలేజీలో అడిగి, కాగితం మీద రాయించుకోవాలి. ల్యాబ్ పని మాత్రం ఇందులో రాదు. దానికి కాలేజీ ల్యాబ్‌కే వెళ్లాలి.