వేపచెట్టు కింద కట్ట, పిడి లేని కుళాయి: మా కాలనీ పార్కులో ఏడేళ్లు

ఇది కర్నూలులో మా కాలనీ పార్కు గురించి. వాకింగ్ ట్రాక్, ఉయ్యాలలు, తుప్పు పట్టిన కసరత్తు సామాన్లు ఏ పార్కులో అయినా ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. ఏడేళ్లుగా నేను దాదాపు రోజూ అక్కడికి పోతున్నది ఒకే ఒక్క దాని కోసం. పార్కు నడుమ పెద్ద వేపచెట్టు ఉంది. దాని చుట్టూ గుండ్రంగా కట్టిన కట్ట ఉంది. ఆ కట్ట కోసం.

నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. పొద్దున్నుంచీ మిషన్ ముందు వంగి కూర్చుంటే సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. పార్కులో ఇనుప బెంచీలు ఉన్నాయి గానీ మన ఎండలకు అవి రాత్రి ఏడు దాకా కాలుతూనే ఉంటాయి. కట్ట మీద పరిచింది బేతంచెర్ల నాపరాయి. చెట్టు నీడ కూడా ఉండటంతో మే నెలలో సైతం చల్లగా తగులుతుంది. పైగా బెంచీ మీద ముగ్గురు కూర్చుంటే నాలుగో మనిషి నిలబడాల్సిందే. కట్ట మీద అందరూ తలా కొంచెం జరిగితే ఇంకొకరికి చోటు వస్తుంది. "కొంచెం జరగండి" అన్న మాటను తెలుగులో, దక్కనీలో, కన్నడంలో, మార్వాడీలో, భోజ్‌పురిలో నేను విన్నది ఆ కట్ట మీదే.

సాయంత్రం ఆరింటికి వస్తే పడమటి వైపు వన్‌టౌన్ నుంచి కొడుకుల ఇళ్లకు మారిన పెద్ద ముస్లింలు కూర్చుని ఉంటారు. రంజాన్ నెలలో అక్కడే ఖర్జూరాలు విప్పి, పక్కన ఎవరున్నా చేతిలో ఒకటి పెట్టాకే వాళ్లు తింటారు. ఇంకొంచెం పక్కన బంగారం, బట్టల షాపుల మార్వాడీ ఇళ్ల ఆడవాళ్లు. ఆదివారం అయితే రంగులు వేసే, టైల్స్ పరిచే, సీలింగ్ పని చేసే కుర్రాళ్లు. బీహార్ వాళ్లు ఎక్కువ, ఒడిశా, రాజస్థాన్ వాళ్లు కొందరు. రాజస్థాన్ పిల్లవాడు ఒకడు మొదటిసారి వచ్చినప్పుడు కూర్చోకుండా కట్ట మీద అరచేత్తో రాసి రాసి చూశాడు. ఇది మా కోటా రాయిలాగే ఉందే, ఎక్కడిది అని అడిగాడు. బేతంచెర్ల అని చెప్తే ఆ పేరును రెండు మూడు సార్లు పలికి నేర్చుకున్నాడు.

కట్ట మీద కృష్ణా జిల్లా యాస కూడా వినపడుతుంది. ఆంధ్ర రాష్ట్రానికి మన కర్నూలు రాజధాని అయినప్పుడు, 1953లో, ఆరేళ్ల పిల్లాడిగా నాన్న ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చిన ఒక పెద్దాయనది అది. నాన్న ఆఫీసు గుడారంలో నడిచేదట. 1956లో రాజధాని హైదరాబాదుకు పోయినా వాళ్ల కుటుంబం ఇక్కడే ఉండిపోయింది. డెబ్బై ఏళ్లు దాటినా ఆయన మాటలో 'అండీ' పోలేదు.

అన్నిటికంటే నాకు నచ్చింది భాష సంగతి. నాకు హిందీ వచ్చు అని నేను అనుకునేదాన్ని. అది హిందీ కాదు, చిన్నప్పుడు పక్కింటి ఆపా దగ్గర నేర్చుకున్న దక్కనీ అని బీహార్ పిల్లలతో మాట్లాడినాకే తెలిసింది. 'వద్దు' అనడానికి నేను 'నక్కో' అంటే వాళ్లకు అర్థం కాలేదు. 'అవును' అనడానికి 'హౌ' అంటే ఇంకోసారి చెప్పమన్నారు. ఆరు నెలలు తిరిగేసరికి వాళ్లే ఒకరితో ఒకరు 'నక్కో', 'హౌ' అనడం మొదలుపెట్టారు. అది తెలుగు అనుకుని నేర్చుకున్నారంట! మేస్త్రీ ముందు తెలుగు మాట్లాడుతున్నామనుకుని దక్కనీ మాట్లాడితే ఆయనకూ దక్కనీ వచ్చు కాబట్టి పని జరిగిపోయింది. ఆ రోజు కట్ట మీద అందరం కడుపు నొప్పి పుట్టేలా నవ్వుకున్నాం.

మొదటి ఏడాది ఇదంతా చూసి, అన్ని భాషలవాళ్లూ కలిసే చోటు మా పార్కు అని కనపడిన వాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. గుండ్రటి కట్ట మీద కూర్చుంటే ఎవరి వీపు వాళ్లది చెట్టు వైపే ఉంటుంది, ముఖం బయటికి ఉంటుంది. ఎవరి వైపు వాళ్లు, ఎవరి మాట వాళ్లది. మాట కలిసేది పిల్లలు ఏడ్చినప్పుడో, వాన వచ్చినప్పుడో, ఎవరైనా తినేది పంచినప్పుడో. అదీ కాక ఆ బీహార్ కుర్రాళ్లలో పెళ్లయినవాళ్లు ఉన్నారు, భార్యలు ఇక్కడే రేకుల ఇళ్లలో ఉన్నారు. వాళ్లను నేను పార్కులో చూసింది ఏడేళ్లలో మూడు నాలుగు సార్లే.

ఇక అసలు బాధ. రెండేళ్ల కిందట ఎండాకాలం మొదట్లో పార్కు చూసుకునేవాళ్లకు కాలనీ నుంచి ఒక అర్జీ పోయింది. ఆదివారం మధ్యాహ్నం బయటివాళ్లు గుంపులుగా వచ్చి పడుకుంటున్నారు, ఆడపిల్లలు రావాలంటే ఇబ్బందిగా ఉంది అని. ఆ అర్జీ మీద నేనూ సంతకం పెట్టాను. అప్పుడు మా అమ్మాయి తొమ్మిదో తరగతి. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు, తప్పుగా చూడగా నేను చూసిందీ లేదు. అయినా పదిహేను మంది మగవాళ్లు చెట్టు కింద పడుకుని ఉంటే తల్లికి టెన్షన్ ఉంటుంది. ఆ టెన్షన్‌తోనే పెట్టాను.

వారం తిరక్కుండా గేటుకు బోర్డు వచ్చింది. పది నుంచి నాలుగు దాకా పార్కు మూసివేత, గుంపులుగా కూర్చోరాదు, బయటివారికి ప్రవేశం లేదు. మొత్తం తెలుగులోనే ఉంది, అది ఎవరి కోసం రాశారో వాళ్లకు చదవరాదు. గేటు పక్కన ఉన్న కుళాయికి తిప్పే పిడి కూడా ఊడదీసుకుపోయారు.

మే నెలలో ఒక ఆదివారం మా అమ్మను ఆటోలో ఇంటికి తీసుకొస్తున్నాను. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది, రోడ్డు మీద కుక్క కూడా లేదు. పార్కు గోడకు తూర్పు వైపు మూరెడు నీడ పడి ఉంది. ఆ నీడలో ఏడుగురు కుర్రాళ్లు గోడకు వీపులు ఆనించి, కాళ్లు ముడుచుకుని వరసగా కూర్చున్నారు. రేకుల షెడ్డులో ఆ వేళ ఉండలేరు, పార్కుకు తాళం. ఒకడి చేతిలో స్టీలు గ్లాసు ఉంది. అందులో సత్తు పిండి. సత్తు అంటే వేయించిన శనగల పిండి, వాసన మన పప్పుల పొడికి దగ్గరగా ఉంటుంది, కారం, వెల్లుల్లి ఉండవు అంతే. నీళ్లు పోసి జారుగా కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తుంచి వేసుకుని తాగుతారు. వాడి బాటిల్లో అడుగున రెండు గుటకల నీళ్లు ఉన్నాయి. ఆ నీళ్లన్నీ పోసి వేలితో తిప్పాడు. చాల్లేదు, పిండి ఉండలు ఉండలుగానే ఉండిపోయింది. అట్లాగే కొంచెం నోట్లో వేసుకున్నాడు. మింగుడు పడక బుగ్గలో పెట్టుకుని కుళాయి వైపు చూస్తూ కూర్చున్నాడు.

అమ్మే ఆటో ఆపించింది. "ఏమే, లోపల అంత నీడ పెట్టుకొని ఈ పిల్లోళ్లు బయట కూర్చున్నారేంది?" అని అడిగింది. తాళం వేస్తున్నారని చెప్పాను. సంతకం సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

మాది కోసిగి వైపు పల్లె. వానలు మొహం చాటేసిన ఏడు సుగ్గికి పోవడం మా దగ్గర మామూలు. సంక్రాంతి దాటాక ఇళ్లకు తాళాలు వేసి, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేవాళ్లం. అప్పుడు నాకు నాలుగైదేళ్లు. ఇంటికి వచ్చి బిందె నింపుతుంటే అమ్మ వెనక నిలబడి, "సుగ్గికి పోయినప్పుడు ఆ ఊళ్లో గుడి అరుగు మీద నిన్ను పండబెట్టి చేనుకు పోతుంటి. ఆ అరుగు ఎక్కొద్దని ఎవురన్నా అనింటే నిన్ను యాడ పండబెట్టేదాన్ని?" అంది. నేను మారు మాట్లాడలేదు. బిందె తీసుకుపోయి ఇచ్చాను. వాడు ఉండలన్నీ చిదిపి మళ్లీ కలుపుకుని, తను తాగకముందే గ్లాసు మా అమ్మకు పట్టాడు. అమ్మ ఒక గుక్క తాగి ఇచ్చింది.

మరుసటి రోజే పోయి నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. ఒక్కదాని మాట ఎవరు వింటారు? అప్పుడు కృష్ణా జిల్లా పెద్దాయన తోడు వచ్చారు. "మేం గుడారాల్లో దిగినప్పుడు ఈ ఊరివాళ్లు మమ్మల్ని బయటివాళ్లని తాళం వెయ్యలేదండి" అని కుర్చీలో ఉన్నాయనకు నెమ్మదిగా చెప్పారు. వన్‌టౌన్ పెద్దవాళ్లు, మార్వాడీ ఆడవాళ్లు కలిపి ముప్పై మందికి పైగా కొత్త అర్జీ మీద సంతకాలు పెట్టారు. ఏడేళ్లలో కట్ట మీది అన్ని వైపులవాళ్లూ ఒక పని మీద ఒకటైంది అదొక్కసారే. రెండు నెలలకు ఆదివారం రోజంతా గేటు తీయడం మొదలైంది. బోర్డు మీద 'బయటివారికి' అన్న వరస మీద తెల్ల రంగు పూశారు. కానీ మామూలు రోజుల్లో మధ్యాహ్నం తాళం ఇప్పటికీ ఉంది. కుళాయికి పిడి ఇప్పటికీ రాలేదు.

నేను అనుకోని సంతోషం ఆ ఏడు దీపావళి తర్వాత వచ్చింది. దీపావళి అయిన ఆరో రోజు బీహార్ వాళ్లకు ఛఠ్ పూజ. సాయంత్రం మునిగే సూర్యుడికి, మర్నాడు పొద్దున పుట్టే సూర్యుడికి నీళ్లలో నిలబడి అర్ఘ్యం ఇస్తారు. 2020 తుంగభద్ర పుష్కరాలకు కట్టిన ఘాట్ల దగ్గరే చేసుకున్నారంట. ఆ ఆదివారం సత్తు కలిపిన కుర్రాడే న్యూస్‌పేపర్లో పొట్లం కట్టి ఠేకువాలు తెచ్చాడు. గోధుమపిండి, బెల్లం కలిపి, చెక్క అచ్చు మీద ఒత్తి వేయించిన బిళ్లలు. ఒక్కోదాని మీద ఆకు గీతలు పడి ఉన్నాయి. పొట్లం కట్ట చుట్టూ తిరిగింది. మా అమ్మకు పళ్లు లేవు, పాలల్లో నానబెట్టుకుని తింది. ఈసారి మాత్రం అతని భార్య కూడా వచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంచున కూర్చుంది. మా అమ్మ పక్కకు జరిగి దగ్గరికి రమ్మంది.

మా అక్క కొడుకు డెన్మార్క్‌లో ఉద్యోగం చేస్తాడు. వీడియో కాల్‌లో ఈ సంగతి చెప్తే, కోపెన్‌హాగన్‌లో 2012లో తెరిచిన సూపర్‌కీలెన్ అనే పార్కు చూపించాడు. చుట్టుపక్కల 60 దేశాల దాకా మనుషులు ఉంటారని, వాళ్లను అడిగి ఆయా దేశాల వస్తువులు తెచ్చి పెట్టారంట. ఇరాక్ ఉయ్యాల, మొరాకో ఫౌంటెన్, జపాన్ పిల్లలు ఎక్కే ఆక్టోపస్ జారుడుబండ. చూడటానికి బాగుంది. నాకు నచ్చింది ఆ వస్తువులు కాదు, ముందు అడిగారన్న మాట. మా గేటుకు బోర్డు రాసేముందు ఎవరైనా కట్ట దగ్గరికి వచ్చి ఒక్క మాట అడిగి ఉంటే ఆ పిల్లలు ఎండలో కూర్చునేవాళ్లు కాదు.

మీరు రావచ్చా అంటే, నా ఇల్లు రెండు వీధుల అవతల, సాయంత్రం నాకు గంట ఖాళీ దొరుకుతుంది, నడుముకు చల్లటి రాయి కావాలి, దక్కనీ వచ్చు. అందుకే నాకు ఇది బాగుంది. చిన్నపిల్లలతో వచ్చేవాళ్లు మంచినీళ్లు వెంట తెచ్చుకోవాలి. చీకటి పడ్డాక చెట్టు కింద లైటు వెలగదు, ఆడపిల్లల్ని ఒంటరిగా పంపను, మా అమ్మాయిని ఇప్పటికీ పంపడం లేదు. పగలు మాత్రం నాతో వస్తుంది. ఆదివారం ఒంటిగంటకు నేను బిందె పట్టుకుంటే, అది గ్లాసులు పట్టుకుంటుంది. కట్ట తూర్పు వైపు నాపరాయి ఒకచోట పెచ్చు ఊడింది, చీర కుచ్చిళ్లు తగులుకుంటాయి, అక్కడ చూసి కూర్చోండి.